సీట్లు పూర్తిగా తేలకముందే హాస్టల్‌కు డబ్బు కట్టకండి

తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదటి విడతలో సీటొచ్చి, సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకోవడం) చేసేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. తొందరపడి మేం 18,000 రూపాయలు పోగొట్టుకున్నాం.

మా చెల్లికి మొదటి విడతలో ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఈసీఈ వచ్చింది. ట్యూషన్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టిన మర్నాడే నాన్న, నేను మిర్యాలగూడలో తెల్లవారుజామున బస్సెక్కాం. కాలేజీ గేటుకు దగ్గర్లోనే లేడీస్ హాస్టల్. అమ్మాయిలెవరూ ఇంకా దిగలేదు కాబట్టి పైకి తీసుకెళ్లి చూపించారు. త్రీ షేరింగ్ గది, కొత్త పరుపులు, ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. "రెండు బెడ్లే మిగిలాయి సార్, సాయంత్రానికి ఉండవు" అన్నాడు మేనేజర్. ఆడపిల్ల, ఊరు కాని ఊరు, నాన్నకు అదే టెన్షన్. అక్కడికక్కడే అడ్వాన్స్ 10,000, మొదటి నెలకు 8,000 ఫోన్‌పే చేశాం. చెల్లి ఒరిజినల్ టెన్త్ మెమో కూడా అడిగారు కానీ ఇవ్వలేదు. కాలేజీలే ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది, హాస్టల్‌కు ఎందుకివ్వాలి?

రెండో విడతలో మళ్లీ వెబ్ ఆప్షన్లు పెడితే సీఎస్‌ఈ వచ్చింది. కాలేజీ గండిపేట వైపు, అంటే నగరానికి ఇంకో చివర. పాత సీటు దానంతటదే రద్దయింది, కట్టిన ట్యూషన్ ఫీజు కొత్త సీటుకు సర్దుబాటైంది. కౌన్సెలింగ్‌లో కట్టిన డబ్బుకు అలా ఒక దారి ఉంది. హాస్టల్‌కిచ్చిన డబ్బుకు మాత్రం వాళ్లిచ్చిన రసీదే దిక్కు.

ఆ రసీదును నాన్న చూడకుండానే మడిచి, అలాట్‌మెంట్ ఆర్డరున్న కవర్లో పెట్టారు. డబ్బు వెనక్కి అడిగితే "వెనక చూడండి" అన్నారు. తిప్పి చూస్తే సగం చెరిగిపోయిన నీలం స్టాంపు: "చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు." అమ్మాయి ఒక్కరోజు కూడా ఉండలేదు, కనీసం అద్దె డబ్బులైనా ఇవ్వండని నాన్న బతిమాలారు. ఫోన్ ఎత్తడమే మానేశారు.

చివరి విడత అయ్యేదాకా గది చూసి రండి, డబ్బు మాత్రం ఇవ్వకండి. బెడ్ పోతుందని భయపెడితే వెయ్యికి మించి కట్టకండి. అదీ "సీటు మారితే డబ్బు వాపసు" అని రసీదు మీద రాయించి, సంతకం పెట్టించుకున్నాకే. ఆ మాట రాయడానికి వెనకాడితే వచ్చేయండి, కాలేజీల చుట్టూ హాస్టళ్లకు కరువు లేదు. కాలేజీ బస్సు, యూనిఫాం డబ్బులకూ ఇదే జాగ్రత్త.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, రసీదు రెండు వైపులా ఫొటోలు దగ్గర పెట్టుకోండి. మేం నిన్ననే చేశాం.