బిగ్ స్టార్ ‘నంబర్ వన్ రికార్డ్’: పన్నెండో పాట దగ్గర ఆపేయండి

అమెరికన్ రాక్ బ్యాండ్ బిగ్ స్టార్ చేసిన ఈ తొలి ఆల్బమ్ గొప్పదని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 1972, మెంఫిస్, ఆర్డెంట్ స్టూడియో, షాపులకే సరిగ్గా చేరని రికార్డు, తర్వాతి తరం బ్యాండ్లు దాన్ని నెత్తిన పెట్టుకోవడం... తెలిసిన కథే. నా కోపమంతా నా దగ్గరున్న సీడీ మీద. మొదటి ఆల్బమ్ అయిపోగానే రెండోది ‘రేడియో సిటీ’ మొదలయ్యేలా రెండూ ఒకే డిస్కులో కలిపేశారు. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చినప్పుడు ఒక టికెట్టుకి రెండు సినిమాలని సంబరపడ్డాను.

తర్వాత మా పాత కారు స్టీరియో ఈ సీడీని మింగేసింది. బటన్ నొక్కితే లోపల గిర్రుమంటుంది, అంచు కాస్త కనబడుతుంది, మళ్ళీ లోపలికే. మెకానిక్ చూసి ‘సెట్టు మొత్తం మార్చాల్సిందే సార్, దీనికి పార్టులు దొరకవు’ అన్నాడు. పాటలైతే వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను. అప్పట్నుంచి కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా పొద్దున ఇదే, సాయంత్రం ఇదే.

ఆల్బమ్ చివర్లో నెమ్మది పాటలు వరసగా వస్తాయి. ‘ట్రై అగైన్’లో బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు క్రిస్ బెల్ దేవుడికి మొర పెట్టుకుంటుంటే వెనక స్లయిడ్ గిటార్ సన్నగా సాగుతుంది. ఫ్లైఓవర్ కింద ఆటోల రొదలో అది వినబడదు, వాల్యూమ్ పెంచక తప్పదు. ‘వాచ్ ద సన్‌రైజ్’ అయ్యాక ‘ఎస్‌టీ 100/6’ అని నిమిషం కూడా లేని ముక్క. గొంతులన్నీ కలిసి ఒక్కసారి లేచి ఆగిపోతాయి. ఆ తర్వాత కాసేపు ఏమీ వినకూడదు. కానీ నా సీడీలో వెంటనే ‘రేడియో సిటీ’ మొదటి పాట ‘ఓ మై సోల్’ గిటార్ పెంచిన వాల్యూమ్‌తో మీద పడుతుంది. మొదటిసారి ఉలిక్కిపడి బ్రేకు తొక్కాను, వెనకాల బైకు అబ్బాయి హారన్‌తోనే తిట్టాడు.

‘ఓ మై సోల్’ మంచి పాటే. కాకపోతే అప్పటికే బెల్ బ్యాండ్ వదిలేశాడు. మొదటి ఆల్బమ్‌లో ఆ గొంతుల పొందిక వెనకున్న పట్టుదల ఎక్కువగా అతనిదే. 1978లో, 27 ఏళ్ళకే, కారు ప్రమాదంలో పోయాడు. రెండు ఆల్బమ్‌లనీ గ్యాప్ లేకుండా అతికిస్తే అతను లేని లోటు మొహం మీద కొట్టినట్టు తెలుస్తుంది.

మొన్న ఒక ఫ్రెండు ఇంట్లో ఎల్పీ మీద విన్నాను. చివరి పాట అయింది, సూది ఖాళీ గాడిలో గరగరలాడింది, వాడు లేచి ఎత్తేదాకా ఎవరం మాట్లాడలేదు. ఆల్బమ్ అక్కడ అయిపోవాలి.

ఇన్నాళ్ళు విన్నా తగ్గని ఆశ్చర్యం ‘థర్టీన్’. 1967లో తన పాత బ్యాండ్ బాక్స్ టాప్స్‌తో ‘ద లెటర్’ పాడినప్పుడు బిగ్ స్టార్ మరో గాయకుడు అలెక్స్ చిల్టన్‌కి పదహారేళ్ళు, గొంతు మాత్రం బొంగురుగా పెద్దాయన గొంతులా ఉండేది. అయిదేళ్ళ తర్వాత, డ్రమ్స్ లేని ఈ పాటలో, వయసు తగ్గి పిల్లాడైపోయాడు. మా అమ్మాయికి ఇంగ్లీషు పాటలంటే చిరాకు, అయినా దీన్ని కూనిరాగం తీస్తుంటుంది.

ఇందులో ఒక్క పాట కూడా తీసెయ్యడానికి లేదని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే ‘ది ఇండియా సాంగ్’ రాగానే చెయ్యి బటన్ మీదకి పోతోంది. ఆ పాట రాసిన బ్యాండ్ బేస్ గిటారిస్టు ఆండీ హమ్మెల్ ఊహలో మన దేశమంటే అడవిలో తెల్ల బంగళా, జిన్, పియానో. మొదట్లో నవ్వొచ్చేది. ‘డోంట్ లై టు మీ’ కూడా శుక్రవారం సాయంత్రం తప్ప ఎక్కడం లేదు.

కొనాలా అంటే, రికార్డ్ ప్లేయర్ ఉంటే ఎల్పీయే కొనండి. ఫోన్లో వినేవాళ్ళయితే రెండు ఆల్బమ్‌లు కలిపింది కాకుండా విడిగా ఉన్నదే పెట్టుకోండి. సీడీయే దిక్కయితే పన్నెండో పాట తర్వాత ఆపడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి, గేర్ల బండిలో అది కష్టం. నాకున్నంత ఇష్టం మీకూ కలుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను, నాకు వేరే సీడీ పెట్టుకునే అవకాశమే లేకపోయింది మరి.