కేథరిన్‌కి కోట దక్కింది, మాకే గది దక్కలేదు

ఫ్రాన్స్‌లో కోటలకు పేరుపడ్డ లువార్ లోయకు వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నాను, ఫొటోలు చూసి అక్కడి టూర్ అనే ఊళ్లో పాతకాలపు అపార్ట్‌మెంట్ బుక్ చేసుకోకండి. రెండు రాత్రులకు 236 యూరోలు కట్టాం. చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తాళంచెవి గేటు పక్కన డబ్బాలో ఉంటుందన్నారు. వాళ్లు పంపిన కోడ్ ఎన్నిసార్లు కొట్టినా అది తెరుచుకోదు, ఫోన్ చేస్తే ఎత్తరు. డెబ్భై దాటిన మా అత్తయ్య సూట్‌కేసు మీద కూర్చుని కారప్పూస ప్యాకెట్ విప్పారు. గంటంపావు తర్వాత ఓనరు తీరిగ్గా ఇంకో కోడ్ పంపాడు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. పైగా క్లీనింగ్‌కి విడిగా 45 యూరోలు! బుక్ చేసింది నేను కాబట్టి మా ఆయన ఆ రాత్రంతా మౌనవ్రతం.

మర్నాడు షెనోన్సో కోట. లోకల్ రైల్లో అరగంట, స్టేషన్ దిగితే పక్కనే కోట గేటు. కారు అద్దెకు తీసుకోవడం దండగ.

దారిలో అత్తయ్యకి ఒకప్పటి ఫ్రాన్స్ రాణి కేథరిన్ ద మెడిచి కథ చెప్పాను. 1519లో ఫ్లోరెన్స్‌లో పుట్టింది, నెల తిరిగేలోపే తల్లీ తండ్రీ పోయారు. 14 ఏళ్లకే ఫ్రాన్స్ రాజకుమారుడు హెన్రీతో పెళ్లి. పదేళ్లదాకా పిల్లల్లేరు. ‘పాపం, ఎన్ని మాటలు పడిందో’ అన్నారు అత్తయ్య. హెన్రీ మనసేమో తనకన్నా దాదాపు ఇరవై ఏళ్లు పెద్దదైన డయాన్ ద పువాటియే మీద. 1547లో రాజు కాగానే ఈ కోట ఆవిడకే రాసిచ్చాడు. 1559లో గుర్రాల మీద బల్లేలతో తలపడే పోటీలో బల్లెం ముక్క కంట్లో గుచ్చుకుని ఆయన పోయాక, కేథరిన్ షెనోన్సో లాక్కుని బదులుగా షోమోన్ కోట ఇచ్చింది.

‘సవతికి ఇంకో కోట ఎందుకివ్వడం?’ అత్తయ్యకి అది మింగుడుపడలేదు.

షేర్ నది మీద వంతెన డయాన్ కట్టిస్తే, దానిమీద 60 మీటర్ల హాలు కేథరిన్ కట్టించింది. నలుపు తెలుపు గచ్చు, రెండువైపులా కిటికీల్లోంచి నీళ్లు. డయాన్ పడకగదిలో పొయ్యి మీద ఇప్పుడు వేలాడుతున్నది కేథరిన్ చిత్రమే! అత్తయ్య మాత్రం కింద వంటింట్లో రాగి గిన్నెల దగ్గర అరగంట ఉండిపోయారు.

ఇక బ్లువా ఊళ్లోని కోట. షెనోన్సో అందం, బ్లువా గుండెలో రాయి. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కొట్టుకుచస్తున్న రాజ్యాన్ని కొడుకుల తరఫున నెట్టుకొచ్చింది కేథరినే. సయోధ్య కోసం కూతుర్ని ప్రొటెస్టెంటైన నవార్ రాజు హెన్రీకిచ్చి చేస్తే, వారం తిరక్కుండా పారిస్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత (1572). 1588 డిసెంబర్ 23న ఆవిడ జబ్బుతో పడుకున్న గదికి పై అంతస్తులోనే కొడుకు, రాజు మూడో హెన్రీ, కేథలిక్కుల నాయకుడు గీజ్ ప్రభువుని చంపించాడు. పదమూడు రోజులకు, 1589 జనవరి 5న, ఆవిడా అక్కడే పోయింది.

ఆవిడ చిన్నగదిలో 237 చెక్కడపు పలకలు, వాటి వెనక రహస్య అరలు. గోడ అడుగున మీట కాలితో నొక్కితే తెరుచుకుంటాయి. ‘దీనికి కోడ్ అక్కర్లేదు’ అన్నారు మా ఆయన. మౌనవ్రతం అక్కడ ముగిసింది.

మీరు బ్లువాలోనే దిగండి. స్టేషన్ నుంచి కోటకి నడిచి పది నిమిషాలే. మేం మాత్రం ఆ సాయంత్రం మళ్లీ మూడంతస్తులు ఎక్కాం. రెండో మలుపులో అత్తయ్య ఆగి, రొప్పుతూ, ‘ఆ డయాన్‌కిచ్చిన కోటకి మెట్లెన్నే?’ అని అడిగారు.