వారానికి సరిపడా వండి పెట్టుకోవడమా, తరిగి పెట్టుకోవడమా: ఏది మేలు?

ఆరోగ్యంగా తినాలన్న నిర్ణయం ఆదివారం నాడు ఎవరైనా తీసుకోగలరు. అది నిలిచిందో లేదో తేలేది గురువారం రాత్రి ఎనిమిది గంటలకు, ఆఫీసు నుంచో బడి నుంచో రొయ్యల చెరువు గట్టు నుంచో అలసి వచ్చి వంటింట్లో లైటు వేసినప్పుడు. ఆ వేళకు చేతికి అందేలా ఏమీ లేకపోతే మన గోదావరి జిల్లాల ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే: కుక్కర్‌లో బియ్యం పడతాయి, ఆవకాయ జాడీ మూత తెరుచుకుంటుంది, లేదంటే వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి రెండు కవర్లు ఇంటికి వస్తాయి.

ఆ పరిస్థితి రాకుండా వారానికి సరిపడా ముందే సిద్ధం చేసుకోవడాన్ని ఇప్పుడు అందరూ మీల్ ప్రెప్ అంటున్నారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇందులో రెండు దారులు కనిపిస్తాయి. ఆదివారమే అన్నీ వండేసి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకోవడం ఒకటి. కూరలు తరిగి, పప్పులు ఉడికించి, పొయ్యి మీద పని మాత్రం ఏ రోజుకారోజు చేసుకోవడం రెండవది. ఇంట్లో అన్నం మాత్రమే వండుకుని కూరలు బయట కొనుక్కోవడాన్ని మూడవ దారిగా లెక్కించవచ్చు. తణుకులో కాపురం పెట్టిన తరువాత ఈ మూడింటినీ నేను వేర్వేరు కాలాల్లో పాటించాను. నా అభిప్రాయం రెండవ దారి వైపే ఉంది. దానికి కారణం సౌకర్యం ఒక్కటే కాదు.

ముందు మన కంచం సంగతి చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఈ డెల్టా సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటల మీద బతికింది. దేశమంతటా పేరు తెచ్చుకున్న స్వర్ణ వరి వంగడం కూడా మన మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చినదే. అన్నం చుట్టూ అల్లుకున్న ఈ జీవితంలో కూర అన్నది అన్నం కిందికి దిగడానికి నంజుకునేదిగా మిగిలిపోయింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమైన వ్యక్తికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుదినుసులు కావాలి. ధాన్యాలు 250 గ్రాములు చాలు. ఇద్దరున్న ఇంట్లో రోజుకు 800 గ్రాముల కూరగాయలు అంటే వారానికి అయిదున్నర కిలోల పైమాట. ఇన్ని కూరలను కడిగి, చెక్కు తీసి, తరగడమే మనల్ని ఆపుతున్న పని. పోపు వేసి మగ్గించడం ఎవరికీ పెద్ద భారం కాదు. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒక్క ప్రశ్నతో కొలుస్తాను: గురువారం రాత్రి కంచంలో అన్నం తగ్గి, కూరా పప్పూ పెరిగాయా?

మొదట అందరిలాగే నేనూ వండి పెట్టుకోవడంతోనే మొదలుపెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి బీరకాయ పప్పు, దొండకాయ వేపుడు, కొబ్బరి వేసిన సొరకాయ కూర, కోడిగుడ్డు పులుసు, వీటితోపాటు మూడు రోజులకు సరిపడా అన్నం వండి, స్టీలు డబ్బాల మీద వారాల పేర్లు రాసి అంటించాను. మంగళవారానికి దొండకాయ వేపుడు కరకరలాడే గుణం పోగొట్టుకుని, నూనె అంచులకు చేరి, ముక్క నోట్లో తోలులా సాగింది. బుధవారం మధ్యాహ్నం వానగాలికి కరెంటు పోయి చీకటి పడ్డాక గానీ రాలేదు. సొరకాయ కూర డబ్బా మూత తీసేసరికి పైన సన్నని నురగ, గరిటెతో ఎత్తితే జిగురు తీగ, పులిసిన కొబ్బరి వాసన. ఆ రాత్రి మూడు డబ్బాల కూరను పారబోస్తుంటే కలిగిన బాధ, వృథా అయిన డబ్బు గురించి మాత్రమే కాదు. మరో రెండు వారాల పాటు ఈ ప్రయత్నం జోలికే వెళ్లలేదు. కొత్తవారిలో చాలామంది ఇక్కడే ఆగిపోతారని నా అనుమానం.

తప్పు నా వంటలో లేదు, లెక్కలో ఉంది. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక, రెండు గంటల లోపల దానిని ఫ్రిజ్‌లోకి చేర్చాలి; గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువు. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట అంతకన్నా తక్కువ వేడి ఉండే రోజులు అరుదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు గానీ అంతకు తక్కువ గానీ ఉన్నా, వండిన కూరలకు మూడు నుంచి నాలుగు రోజులకు మించి భరోసా లేదు. అంటే ఆదివారం సాయంత్రం వండినది, అన్నీ సక్రమంగా జరిగినా, సరిగ్గా గురువారం సాయంత్రానికే గడువు ముగించుకుంటుంది. మధ్యలో కరెంటు గంటల తరబడి పోతే ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుంది.

అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యం ఉడికినా చావవు. అన్నం గిన్నెలో గంటల తరబడి బయటే ఉండిపోతే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, దానిలో ఒక రకం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన చద్దన్నం సంగతి వేరు. అది మరునాటి ఉదయమే తినేది, వారానికి నిల్వ చేసేది కాదు. కాబట్టి అన్నాన్ని నేను ముందస్తు పనుల జాబితా నుంచి పూర్తిగా తీసేశాను. కుక్కర్‌లో అది ఎలాగూ ఇరవై నిమిషాల పనే.

ఇంత చెప్పినా వండి పెట్టుకోవడం అందరికీ పనికిరానిదని నేను అనను. చింతపండు పులుపున్న పులుసులు మరునాటికి మరింత రుచిగా ఉంటాయని చేపల పులుసు తినే మనకు వేరే చెప్పనక్కరలేదు. రాత్రి షిఫ్టులు చేసేవారు, ఒంటరిగా గదిలో ఉండేవారు వారానికి కాకుండా రెండు రోజులకు మాత్రమే వండుకుని, వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, లోతులేని చిన్న డబ్బాల్లో సర్దుకుంటే ఇది వారికి మంచి ఆసరా. కొబ్బరి, పాలు కలిసే కూరలనూ, వేపుళ్లనూ మాత్రం ఈ పద్ధతికి దూరంగా ఉంచాలి.

నేను రెండవ దారికి రావడానికి కారణం మా అమ్మ. కోనసీమ నుంచి చూడటానికి వచ్చిన ఆమె నా డబ్బాల వరుసను చూసి, "కూరలు తరిగి పెట్టుకో తల్లీ, వండి పెట్టుకోకు" అన్నది. ఆ సాయంత్రమే కత్తిపీట ముందు కూర్చుని, ఏ కూర ఎంత కాలం ఆగుతుందో ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూపించింది. దొండకాయ, చిక్కుడు, బీన్స్, క్యాబేజీ, క్యారెట్ తరిగి తడి లేకుండా మూత బిగించి పెడితే మూడు రోజులు బాగుంటాయి. బెండకాయ అలా కాదు. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత కాయగానే పెట్టాలి, వండే ముందే తరగాలి, లేకపోతే జిగురు తేలుతుంది. వంకాయ, అరటికాయ కోసిన వెంటనే నల్లబడతాయి కనుక వాటి జోలికి ముందుగా పోకూడదు. కంద మాత్రం ఆదివారమే తెమల్చాల్సిన కూర, ఎందుకంటే దురద పెట్టే ఆ చెక్కు తీసే ఓపిక పని దినాల్లో ఎవరికీ ఉండదు. ముక్కలను కాస్త చింతపండు వేసి ఉడికించి, నీరు వార్చి పెట్టుకుంటే మూడు రోజులు నిశ్చింత. తోటకూర, బచ్చలి వంటి ఆకులను వేళ్లు తీసి, పాడైన ఆకులు ఏరి, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టింది అమ్మ. తడిని ఆ నూలు గుడ్డ పీల్చుకుంటుంది, ఆకు వాడదు. గోంగూరను ఉప్పు, నూనె లేకుండా మగ్గించి చిన్న డబ్బాలో తీసి ఉంచితే పప్పులోకి ఒకరోజు, రొయ్యల్లోకి ఒకరోజు పనికి వస్తుంది.

పప్పుల వంతు శనివారం రాత్రి మొదలవుతుంది. బొబ్బర్లో శనగలో నానబెట్టి ఆదివారం ఉడికించుకుంటే బుధవారం దాకా గుగ్గిళ్లకూ కూరల్లోకీ అందుబాటులో ఉంటాయి. ఉప్పు, పులుపు వేయని కందిపప్పును ముద్దగా ఉడికించి పెడితే సోమవారం తోటకూర పప్పు, బుధవారం సొరకాయ పప్పు పది నిమిషాల్లో అవుతాయి. చేప ఆదివారం బజారులో తెచ్చుకున్నా సరే, పచ్చిది ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకూడదు. మిగిలినది వెంటనే పూటకు సరిపడా పొట్లాలుగా చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఈ పద్ధతికి లోపాలు లేవని కాదు. తరిగిన కూరల్లో విటమిన్ సి కొంత తగ్గుతుంది, అందుకే తరగక ముందే కడగాలి, తరిగాక మళ్లీ కడగకూడదు. ప్రతి రాత్రీ పొయ్యి ముందు ఇరవై అయిదు నిమిషాలు నిలబడక తప్పదు. అయితే కరెంటు పోయిన రోజున పోయేది రెండు డబ్బాల ముక్కలే, అవీ చాలావరకు అదే రాత్రి వండుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి: తరిగిన కూర కళ్లెదుట ఉంటే దానిని పారేయడానికి మనసొప్పదు, వండుతాము, వండాక తింటాము. మా ఇంట్లో రాత్రిపూట బియ్యం కొలత గిన్నెన్నర నుంచి గిన్నెకు తగ్గింది ఇలాగే, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే.

కర్రీ పాయింట్ల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అవి లేకపోతే మన పట్టణాల్లో ఎన్నో ఇళ్లకు పూట గడవదు, వాటిని నడిపే వారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్న నియమాన్ని, నూనె ఎంత పడిందన్న లెక్కను, కొన్న కూరతో పాటించడం మన చేతుల్లో ఉండదు. వంద రూపాయలకు వచ్చే రెండు కవర్లలో ముక్కల కన్నా గ్రేవీయే ఎక్కువగా ఉండటంతో అన్నం మళ్లీ పెరుగుతుంది. తప్పనిసరైన రోజున పప్పో ఆకుకూరో తెచ్చుకుని, ఇంట్లో ఉన్న తరిగిన క్యాబేజీనో బీన్సునో పక్కన మగ్గించుకుంటే సగం నష్టం తగ్గుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి ఆదివారం గంటన్నరకు మించి కేటాయించవద్దు, ఏడు రోజులకు ప్రణాళిక వేయవద్దు. దొండకాయ అరకిలో తరగండి, కందిపప్పు ఉడికించండి, బొబ్బర్లు ఉడికించండి, రెండు కట్టల ఆకుకూర గుడ్డలో చుట్టండి. బుధవారం సాయంత్రం బజారు నుంచి వస్తూ మళ్లీ కంద, బచ్చలి తెచ్చి, అరగంట కూర్చుని ఆ పని తెమల్చండి. గురువారం రాత్రి ఇంటికి రాగానే కుక్కర్‌లో ఒక్క గిన్నె బియ్యం పెట్టి, ఉడికిన కంద ముక్కల్లో బచ్చలి వేసి మగ్గించి, దించాక నూరిన ఆవ కలపండి. అన్నం కుక్కర్ విజిల్ వేసి చల్లబడేలోగా కూర బల్ల మీద ఉంటుంది.