ఇస్త్రీ పెట్టె కింద తేలిన తేడా: నాలుగేళ్ల సీర్‌సక్కర్ చొక్కాలు

నాలుగేళ్ల కిందట విజయవాడలో రెండు సీర్‌సక్కర్ చొక్కాలు కొన్నాను. అక్కడక్కడా ముడతలుగా ఉబ్బి ఉండే కాటన్ గుడ్డ అది. ఒకటి నీలం చారలది, ఇంకోటి లేత పసుపుది. షాపులు వేరు, రెండు చోట్లా చెప్పిన పేరు ఒకటే. మే నెల ఎండలో బండి దిగేసరికి మామూలు కాటన్ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. ఇవి అతుక్కోవు. ఉబ్బిన చోటే ఒంటికి తగులుతుంది, మిగతా అంతా గాలి ఆడుతుంది. ఆ హాయి కోసమే వీటిని వదల్లేకపోయాను.

రెండో ఎండాకాలంలో అమ్మ ఊరి నుంచి వచ్చింది. నలిగిన చొక్కాలతో ఆఫీసుకి వెళ్తున్నాననుకుని రెండింటినీ ఇస్త్రీ బండికి ఇచ్చేసింది. సాయంత్రం చూస్తే రెండూ అట్టల్లా ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది. రాత్రే తడిపి ఆరేశాను. తెల్లారేసరికి నీలం చొక్కాకి ముడతలన్నీ తిరిగి వచ్చేశాయి! పసుపుది మాత్రం నాలుగు ఉతుకులైనా సాపుగానే ఉండిపోయింది.

మగ్గం ఉన్న ఇంట్లో పెరిగిన స్నేహితుడు రెండింటినీ వెలుతురుకి పట్టి చూసి సంగతి చెప్పాడు. నీలందానికి ముడత నేతలోనే ఉంది. పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాల్లో, కొన్నింటిని బిగువుగా, వాటి పక్కవాటిని వదులుగా ఉంచి నేస్తారు. వదులు దారాలున్న చారే ఉబ్బుతుంది. పారశీకంలో 'షీర్ ఓ షకర్' అంటే పాలూ పంచదారా. నున్నటి చార, గరుకు చార. ఆ మాటే సీర్‌సక్కర్ అయిందట. పసుపుది అసలు సీర్‌సక్కరే కాదు, ప్లిస్సే. మామూలు కాటన్ మీద అక్కడక్కడా కాస్టిక్ సోడా అద్దితే అద్దిన చోట గుడ్డ కుంచించుకుపోయి పక్కది ఉబ్బుతుంది. గట్టి ఇస్త్రీకి అది నిలవలేదు. ఇప్పుడు నేను షాపులో మొదట చూసేది, ఉబ్బు చారలు పడుగు వెంట తిన్నగా నిలువునా ఉన్నాయా లేదా అని. పసుపుదాని మీద చారలే లేవు, అంతా బుడిపెలే.

ఇస్త్రీ అక్కర్లేదని మొదట్లో అందరికీ చెప్పాను. కాలరుకీ గుండీల పట్టీకీ మాత్రం కావాలి, లేకపోతే అంచులు లేచిపోతాయి. నీలందానికి కాలరు మడత దగ్గర ఉబ్బు చారలు కాస్త అరిగాయి కూడా.

మా ఆఫీసులో ఏసీ లేదు, రోజూ రానూపోనూ గంటన్నర బండి మీదే. అందుకే నాకింత నచ్చిందేమో. ఏసీలో కూర్చునేవాళ్లకి, మడత నలగని చొక్కా కావాలనేవాళ్లకి ఇది నచ్చుతుందని చెప్పలేను. నేను మాత్రం వచ్చే వేసవికి ఇంకోటి కొంటాను, నీలందాని లాంటిదే. పసుపుది ఇస్త్రీ చేయించుకుని చలికాలంలో వేసుకుంటున్నాను.