ఎల్-సిస్టంతో వరి దుబ్బు: రెండు సార్వాలు, ఒక దాళ్వా వాడాక

ఎల్-సిస్టం అంటే మొక్కని అక్షరాల వరసగా రాసి, సూత్రాల ప్రకారం అడుగడుగునా ఆ అక్షరాలని మార్చుకుంటూ పెరుగుదలని కంప్యూటర్లో గీసే పద్ధతి; 1968లో లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త నాచు పోగుల కోసం దాన్ని మొదలుపెట్టాడు. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే: ఒక్కో అడుగులో అక్షరాలన్నీ ఒకేసారి మారతాయి. వరి పెరిగేదీ అలాగే. తల్లి కాడ ఆకు విప్పుతున్నప్పుడే పిలకలూ తమ తమ ఆకులు విప్పుతుంటాయి. ఈ పోలిక ఇంత బాగా కుదిరిన పంట నాకింకొకటి కనపడలేదు.

వరికి జపాన్‌లో కటయామా అనే శాస్త్రవేత్త తేల్చిన లెక్క ఒకటుంది. ఐదో ఆకు మొదట్లోని మొగ్గ, తల్లి కాడకి ఎనిమిదో ఆకు వచ్చేటప్పుడు తన తొలి ఆకు బయటపెడుతుంది. ఎక్కడ చూసినా మూడాకుల తేడా. కాబట్టి ఒక అడుగంటే ఒక ఆకు; పిలకల దశలో సుమారు నాలుగైదు రోజులు. పెరిగే కొసకి 'కొ', ఆకుకి 'ఆ', మొగ్గకి 'మొ' అనుకుంటే సూత్రాలు మూడే (బాణానికి ఎడమనున్నది తర్వాతి అడుగులో కుడినున్నదిగా మారుతుంది; బ్రాకెట్లో ఉన్నది పక్క కొమ్మ; మొగ్గ పక్క అంకె దాని వయసు):

కొ → ఆ [మొ(0)] కొ
మొ(0) → మొ(1)
మొ(1) → కొ

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది ఈ మూడో సూత్రమే. మూడాకుల తేడా కదా అని మొ(2) దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత కొస చేస్తాం. చూడ్డానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు. మొగ్గ కొసగా మారిన అడుగులో ఆకు రాదు, మరుసటి అడుగులో వస్తుంది. అంటే తేడా నాలుగాకులైపోతుంది. పన్నెండో ఆకు దగ్గర 41 కాడలు రావాల్సింది 19 వస్తాయి. పైగా బొమ్మలో దుబ్బు పచ్చగా నిండుగానే కనపడుతుంది, కంటికి చిక్కదు. అందుకే బొమ్మ గీయించే ముందు అడుగుకి ఆకు వేసిన కాడలెన్నో అచ్చు వేయించండి: 1, 1, 1, 2, 3, 4, 6, 9, 13. నాలుగో అంకె 2 కాకపోతే అక్కడే ఆగి సూత్రం చూసుకోవాలి. ఇది 1356లో నారాయణ పండితుడు గణిత కౌముదిలో ఇచ్చిన ఆవులు, దూడల లెక్కే (ఆవు ఏటా ఒక దూడని ఈనుతుంది, ఆ దూడ నాలుగో ఏట నుంచి తానూ ఈనుతుంది). వరి దుబ్బులో అది ఎదురైనప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు ఉపయోగం ముదురు నారు దగ్గర తెలిసింది. కాలువ నీళ్ళు ఆలస్యమైతే మన డెల్టాలో నారు మడిలోనే ముదిరిపోతుంది. ఆ ఒత్తిడిలో అడుగు ఆకుల మొగ్గలు లేవవు. కొసకి ఆకు నంబరు తగిలించి, తల్లి కాడ మొదటి నాలుగాకులకు మాత్రం మొగ్గ పెట్టొద్దని సూత్రం రాస్తే చాలు. అదే పన్నెండో ఆకు దగ్గర 41 కాస్తా 9 అవుతుంది. ముదురు నారైతే కుదురుకి మొక్కలు ఎక్కువ పెట్టమనడం, శ్రీ వరి సాగు పద్ధతిలో 8 నుంచి 12 రోజుల నారే ఊడ్చమనడం ఎందుకో ఈ రెండంకెలు పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది.

అయితే పైన మెచ్చుకున్నదానికి హద్దుంది. పొలంలో 41 పిలకలు నిలవవు. చిరుపొట్ట దశకి మూడాకులైనా లేని పిలకకి సొంత వేళ్ళు సరిగా ఉండవు, చాలావరకు ఎండిపోతుంది. దాన్ని కోత గుర్తు % తో తీసెయ్యొచ్చు. నేను వాడే ఎల్-పై అనే ఎల్-సిస్టం ప్రోగ్రాంలో ఆ గుర్తు బ్రాకెట్ తెరిచిన వెంటనే, లోపలే పడాలి. బయట పడిందంటే తల్లి కాడ పైభాగమంతా పోతుంది.

నీడ సంగతి మాత్రం ఈ సూత్రాల వల్ల కాదు. 20×15 సెంటీమీటర్ల దూరంలో ఊడ్చినా, 20×10లో ఊడ్చినా ఇవి ఒకే దుబ్బు గీస్తాయి. పక్క కుదురుందని మొగ్గకి తెలిసే దారే లేదు. 1996 నుంచి పరిసరాలతో మాట్లాడే రకం ఎల్-సిస్టం ఉంది. కానీ దానికి వెలుతురు లెక్కగట్టే ప్రోగ్రాం వేరుగా జతచేయాలి. నా మామూలు ల్యాప్‌టాప్ మీద పాతిక కుదుళ్ళు దాటేసరికి అది నత్తనడక నడుస్తోంది. మంచి యంత్రం ఉన్నవాళ్ళకి ఇది అడ్డు కాకపోవచ్చు.

ఒక్క కుదురు, దాని పిలకల లెక్క, నారు వయసు ప్రభావం: ఇంతవరకే కావాలంటే నిశ్చింతగా వాడండి. కోనసీమ కొబ్బరికి మాత్రం దీన్ని మొయ్యక్కర్లేదు. కొమ్మ వేయని చెట్టుకి బ్రాకెట్లతో పనేముంది, ఆకుకీ ఆకుకీ మధ్య కోణం తెలిస్తే మామూలు లూప్ సరిపోతుంది. కడియం నర్సరీల్లో కత్తిరించి పెంచే మొక్కలకైతే ఈ మూడు సూత్రాలు చాలవు. కొస తెగిందన్న కబురు కింది మొగ్గకి అందాలి. అందుకు పక్క అక్షరాన్ని చూసి మారే సూత్రాలు రాయాలి. అవి నేనింకా వరి మీదే సరిచూసుకుంటున్నాను.