వియత్నాం వెళ్ళేముందు కొండలెక్కడున్నాయో చూసుకోండి

వియత్నాంకి ఏ నెలలో వెళ్తే మంచిదని అడుగుతుంటారు. మొత్తం దేశానికి సరిపడే నెల ఒకటి చెప్పడం కష్టం. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవు, మధ్యలో డాంగ్ హాయ్ దగ్గర వెడల్పు 50 కిలోమీటర్లే. మేం నవంబరులో వెళ్ళాం. హనోయ్‌లో పల్చటి స్వెటర్ సరిపోయింది, దేశం మధ్యలో ఉన్న హ్యూలో గొడుగు మూయనివ్వని వాన, దక్షిణాన సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) చెమటలు. ఈశాన్యం నుంచి సముద్రం మీదుగా వచ్చే తడిగాలి ట్రూంగ్ సన్ కొండలకి తగిలి తూర్పు తీరం మీదే కురిసేస్తుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆ మధ్య భాగం వదిలేసి ఉత్తరం, దక్షిణం చూసుకున్నా నష్టం లేదు.

ఉత్తరాన, సముద్రంలోంచి సున్నపురాయి కొండలు లేచి కనిపించే హలోంగ్ బేలో ఒక రాత్రి క్రూజ్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, తిండీ బాగుంది (శాకాహారులు బుకింగ్‌లోనే చెప్పాలి, అప్పటికప్పుడు అడిగితే అన్నం, ఉడికించిన ఆకుకూరే గతి), కానీ లంగరేసిన చోట ఎటు చూసినా పక్క పడవల లైట్లే, పైగా వాళ్ళ కరోకే. ఆ ఖరీదుకి నాకైతే ఆనలేదు. అదే సున్నపురాయి కొండల్ని నిన్ బిన్ దగ్గర ట్రాంగ్ ఆన్‌లో చిన్న తెడ్డు పడవ మీద దాదాపు మూడు గంటలు చూడొచ్చు, ఖర్చు అందులో పిసరంత. లక్షల ఏళ్ళుగా వాననీరు రాయిని కరిగించుకుంటూ పోతే నిలువు కొండలు మిగిలాయి, కొండల కింద సొరంగాలు పడ్డాయి, పడవ వాటిలోంచే దూరుతుంది, తల వంచకపోతే బొప్పి కడుతుంది. రెండిట్లో ఒకటే అంటే నా ఓటు దీనికే. బస అక్కడికి దగ్గర్లోని తామ్ కోక్‌లో, పొలాల పక్కన హోమ్‌స్టే. సైకిళ్ళు వాళ్ళే ఇచ్చారు, దోమతెర కూడా.

డాంగ్ హాయ్ దగ్గరి ఫోంగ్ న్యాలో పారడైజ్ గుహ మొత్తం 31 కిలోమీటర్లట, మామూలు టికెట్‌కి చెక్క బాట మీద ఒక కిలోమీటరు చూపిస్తారు, అదే చాలు. వరదల రోజుల్లో గుహలు మూసేస్తారు కాబట్టి హోటల్ వాళ్ళని కనుక్కున్నాకే బయల్దేరండి.

హ్యూ నుంచి దనాంగ్‌కి మాత్రం బస్సెక్కకండి. అది ఆరు కిలోమీటర్ల సొరంగంలోంచి పోతుంది, ఏమీ కనబడదు. రైలు హై వాన్ కొండని సముద్రం వైపు నుంచి చుట్టుకుంటూ వెళ్తుంది, ఎడమ కిటికీ అడిగి తీసుకోండి. బోగీ పాతది, బాత్రూం సంగతి చెప్పను. ఉత్తరపు చలిగాలిని ఆపేది ఈ కొండే. దనాంగ్‌లో దిగితే అక్కడా వానే గానీ స్వెటర్ బ్యాగులోకి వెళ్ళిపోయింది.

మెకాంగ్ డెల్టాకి సైగాన్ నుంచి ఒక్కరోజు టూర్ శుద్ధ దండగ, సగం రోజు వ్యాన్‌లోనే, మిగతా సగం కొబ్బరి మిఠాయి కొట్లలో. కాలవలూ కొబ్బరిచెట్లూ చూస్తే కోనసీమే అనిపిస్తుంది, కోనసీమవాళ్ళకి పెద్ద వింతేం కాదు. వెళ్తే డెల్టాలోని కాన్ తో ఊళ్ళో రాత్రి ఉండి, తెల్లవారుజామున ఐదింటికల్లా కాయ్ రాంగ్ నీటి సంతకి పడవెక్కాలి. రోడ్లు, వంతెనలు వచ్చాక అక్కడ సరుకు పడవలు తగ్గిపోయాయి, ఆలస్యంగా వెళ్తే టూరిస్టులే టూరిస్టుల్ని చూసుకోవాలి.