నెరైట్ నత్తలు: గాజు వరకూ బంగారం, ఆ తెల్ల గుడ్లే తలనొప్పి

అక్వేరియంలో పాకుడు తింటాయని పెంచే నెరైట్ నత్తలు కొనేటప్పుడు షాపులో ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, గుడ్లు. రెండేళ్ళు దాటింది నేను వీటిని పెంచబట్టి, ఇప్పటికీ నా పెద్ద ఫిర్యాదు అదొక్కటే, కానీ ఆ ఒక్కటే నా ట్యాంక్ అందాన్ని నాశనం చేసింది.

మాది హైదరాబాద్‌లో బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్. ట్యాంక్ కిటికీ పక్కనే ఉంటుంది, పొద్దున ఎండ నేరుగా పడుతుంది, దాంతో గాజు మీద మాగ్నెట్ బ్రష్‌కి కూడా లొంగని గట్టి పచ్చ చుక్కలు పట్టేవి. పాకుడు అనగానే షాపుల్లో అంటగట్టేది సక్కర్ చేపని. వేలంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది కానీ అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు ఇంట్లో పట్టక జనం తీసుకెళ్ళి చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు. కోస్తాలో చేపల చెరువుల వాళ్ళు దెయ్యం చేప అని తిట్టుకునేది ఆ జాతినే. అది వద్దన్నాను. అప్పుడు షాపు కుర్రాడు నలుపూ పసుపూ చారల నెరైట్లు చూపించి, "అన్నా, ఇవి తీస్కో, పాకుడంతా తినేస్తాయి, పిల్లలు కూడా పెట్టవు" అన్నాడు. మూడు తెచ్చాను.

అతను అబద్ధమేం చెప్పలేదు, సగమే చెప్పాడు.

మొదటి నెల నేను వీటి గురించి చెప్పని మనిషి లేడు. గాజుకి ఇవతల నుంచి చూస్తే నత్త నోరు తెరుచుకోవడం, లోపలి గరుకు నాలుక గాజుని ఒక్క గీకు గీకి వెనక్కి వెళ్ళడం స్పష్టంగా కనబడుతుంది. అది నడిచిన దారంతా పచ్చటి పొర మీద వంకరటింకరగా శుభ్రమైన చార. బ్లేడు పెట్టి గీకితే తప్ప రాని పచ్చ చుక్కల్ని కూడా వదల్లేదు. మా బోరు నీళ్ళలో ఉన్న సున్నం వాటి గుల్లకి బాగా పనికొచ్చింది, ఒక్కదాని గుల్ల కూడా పాడవలేదు. ఆర్వో నీళ్ళే పోసే ఫ్రెండ్ దగ్గర అదే నత్త గుల్ల కొసన తెల్లబడి గుంటలు పడింది. మే నెలలో నీళ్ళు 30 డిగ్రీలు దాటినా కాస్త మందగించాయి తప్ప చావలేదు.

తర్వాత మొదలైంది. ట్యాంక్ మధ్యలో ఒక నల్లటి డ్రిఫ్ట్‌వుడ్, అంటే అందానికి పెట్టే చెక్క మొద్దు, ఉంది, నేను ఎన్నో షాపులు తిరిగి ఏరుకున్నది, ట్యాంక్ మొత్తం దాని చుట్టూనే అమర్చాను. దాని మీద ఒకరోజు నాలుగైదు తెల్ల చుక్కలు కనబడ్డాయి, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉంటాయి. వారం తిరిగేసరికి చెక్కంతా చుక్కలే. ఊరి నుంచి వచ్చిన అమ్మ చూసి, "ఏరా, మందారచెట్టుకి పట్టినట్టు దీనికీ పిండినల్లి పట్టిందేంటి?" అంది. అప్పటి నుంచి నాకు అది పిండినల్లిలాగే కనబడుతోంది, వేరేగా చూద్దామన్నా కుదరడం లేదు.

ఆ చుక్కలు ఒక్కోటీ ఒక్కో గుడ్ల సంచి. నెరైట్లలో ఆడా మగా వేరు, పైనుంచి చూసి ఏది ఏదో చెప్పలేం. ఆడది ఒంటరిగా ఉన్నా పెడుతుంది, ముందు జతకట్టినప్పటి వీర్యాన్ని దాచుకుంటుంది కాబట్టి. సంచిలోంచి వచ్చే పిల్లలు ఈదే లార్వాలు, పెరగడానికి వాటికి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. వాగుల్లో పెట్టిన గుడ్లయితే పొదిగాక లార్వాలు సముద్రం దాకా కొట్టుకుపోయి, కాస్త పెరిగాక మళ్ళీ ఏటికి ఎదురెక్కుతాయి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఈ కుటుంబం నత్తలే ఉంటాయి, గోదావరి నీళ్ళూ సముద్రం పోటూ కలిసే చోటు కదా, అలాంటి చోట్లే వీటికి సొంతూరు. మన మంచినీళ్ళ ట్యాంకులో ఒక్క పిల్ల కూడా బతకదు. మామూలు చిన్న నత్తల్లాగా వందలుగా పెరిగిపోవని అందరూ వీటిని కొనేది ఇందుకే. పిల్లలు బతకకపోయినా ఆ సంచి మాత్రం అంటుకునే ఉంటుంది.

ఎలా అంటుకుంటుందంటే, టూత్‌బ్రష్‌కి కదలదు. గాజు మీదవి పాత ఏటీఎం కార్డుతోనో బ్లేడుతోనో ఊడొస్తాయి, దాంతో ఇబ్బంది లేదు. చెక్క మీద గీకితే చెక్క పెచ్చులే లేస్తున్నాయి. చివరికి డ్రిఫ్ట్‌వుడ్ బయటికి తీసి, టెర్రస్ మీద నాలుగు రోజులు ఎండబెట్టి, ఇనుప బ్రష్‌తో రుద్దాను. సంచుల పై భాగం చాలావరకు పోయింది, అడుగున తెల్లటి గుండ్రటి గుర్తులు మిగిలాయి. సరే ఇదైనా నయమే అని తిరిగి లోపల పెట్టి, రాత్రి పడుకుని పొద్దున లేచి చూస్తే, కొత్తవి! శుభ్రం చేసిన చోటే, వెతుక్కుని మరీ పెట్టినట్టు. అనూబియాస్ అనే నీటి మొక్క ముదురు ఆకుల మీద పెట్టాయి, ఫిల్టర్ పైపు మీద పెట్టాయి, ఒకదాని గుల్ల మీద ఇంకోటి పెట్టింది. ఇది చూసి మాత్రం నవ్వొచ్చింది. ట్యాంకులో ఉన్న ఏ చేపా వీటిని ముట్టదు. నెలలు గడిచేకొద్దీ కొన్ని వాటంతట అవే రాలతాయి కానీ, పెట్టే వేగం ముందు రాలే వేగం ఏపాటిది.

పాకుడు తినడం గురించి పైన అంత మెచ్చుకున్నానుగా, అందులోనూ కాస్త తగ్గించుకోవాలి. మొక్కల అంచులకి పట్టే నల్లటి గడ్డంలాంటి నాచుని ఇవి పట్టించుకోవు. గాజు పూర్తిగా శుభ్రమైపోయాక వీటికి ఆకలి మొదలవుతుంది. ఉడికించిన పాలకూర, బీరకాయ ముక్క వేసి చూశాను, ఒకటి వచ్చి తింటుంది, మిగతా రెండూ అటువైపు కూడా చూడవు. అందుకని ఇప్పుడు వెనకవైపు గాజుని తుడవకుండా వాటి తిండి కోసం వదిలేస్తున్నాను. పాకుడు పోవాలని నత్తని తెచ్చి, నత్త కోసం పాకుడు పెంచుతున్నానన్నమాట.

ఇంకో విషయం, ట్యాంక్ మూత. పోటూ పాటూ చూసిన జాతి కాబట్టి నీళ్ళ పైకి ఎక్కడం వీటికి అలవాటే. ఫిల్టర్ పైపు కోసం వదిలిన సందులోంచి ఒకటి బయటపడి, పొద్దున్నే మా పనావిడ కాలికి తగిలింది, ఆవిడ అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చారు. నత్త మాత్రం గుల్ల తలుపు బిగించుకుని నిక్షేపంగా ఉంది, నీళ్ళలో వేసిన కాసేపటికి నడక మొదలుపెట్టింది.

కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. షాపులో గాజుకి గట్టిగా అతుక్కుని ఉన్నది చూడండి, గుల్ల కొసన గుంటలు లేనిది తీసుకోండి, దాన్ని నిటారుగా పీకితే ఒళ్ళు చిరగొచ్చు, పక్కకి జరుపుతూ తీయమనండి. రాగి కలిసిన చేపల మందు ట్యాంకులో పడితే ఇవి చస్తాయి. రోజుల తరబడి కదలకపోతే టెన్షన్ పడకుండా వాసన చూడండి, చచ్చిందైతే ఆ కంపు దాచినా దాగదు.

కొనొచ్చా అంటే, మీ ట్యాంక్ ఎలాంటిదో చూసుకోవాలి. లేతరంగు రాళ్ళు, ఇసుక ఉండి, నీళ్ళు మా బోరు నీళ్ళలా సున్నం ఉన్నవైతే నిరభ్యంతరంగా తీసుకోండి, చుక్కలు కంటికి ఆనవు. నల్ల చెక్క, నల్ల రాయి పెట్టి ముచ్చటపడేవాళ్ళయితే ఒక్కటే తెచ్చి చూడండి, మగదైతే మీ అదృష్టం. వీటి బదులు పాకుడు తినే అమానో రొయ్యలూ ఉన్నాయి, వాటి లార్వాలకి కూడా ఉప్పు నీళ్ళే కావాలి కానీ గుడ్లు పొట్ట కింద మోసుకు తిరుగుతాయి, చెక్క జోలికి రావు. కాకపోతే ఖరీదెక్కువ, గాజు మీద పచ్చ చుక్కల్ని ఇంత బాగా తినవు. కిటికీ ఎండ లేకపోతే నేను వాటికే వెళ్ళేవాణ్ణేమో.

మా తమ్ముడి ట్యాంకులో అన్నీ తెల్ల గులకరాళ్ళే, ఇంతకుముందే రెండు నత్తల్ని వాడికి ఇచ్చేశాను. ఉన్నది ఇక ఒక్కటి. చెక్కని మళ్ళీ ఎండబెట్టి, రుద్ది పెట్టాను. దాని మీద ఇంకో చుక్క పడిందా, ఇదీ తమ్ముడింటికే.